మంచు ఖండానికి మ్యాపు, మ్యాపు మీద పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లోబుని తిరగేసి అడుగున చూస్తే తెల్లగా కనిపించే అంటార్కిటికా మీద చీమల బారుల్లా పేర్లుంటాయి. అక్కడ ఊరు లేదు, ఊరివాళ్ళు లేరు. మరి ఆ కొండకి, ఆ అఖాతానికి పేరెవరు పెట్టారు? అసలు అక్కడో కొండ ఉందని ఎలా తెలిసింది? నేను సర్వే చదువుకున్నవాణ్ణని తెలిసినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్నలివి. మ్యాపు గీయడం, పేరు పెట్టడం వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి గానీ ధ్రువాల దగ్గర ఆ రెండూ కవల పిల్లలు. అందుకే కలిపి చెబుతున్నాను.

మ్యాపుకి ఫొటోలు విమానంలోంచే ఎందుకు తీయాలి? నడిచి కొలవలేరా?

కొలిచారు. తొలి అన్వేషకులు స్కాట్, షాకిల్టన్, అముండ్‌సెన్ అందరూ నడిచీ, కుక్కల బండ్లు కట్టుకునీ వెళ్ళినవాళ్ళే. కానీ అంటార్కిటికా విస్తీర్ణం దాదాపు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి నాలుగు రెట్ల పైమాటే. బండి లాక్కుంటూ రోజుకి పాతిక కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అలా నడిచినవాడికి దారికి అటూ ఇటూ కంటికి ఆనినంత మేరే తెలుస్తుంది. ఎన్నేళ్ళు నడిచినా చివరికి మిగిలేది తెల్ల కాగితం మీద నాలుగు సన్నటి గీతలు. పనికొచ్చే వాతావరణం ఉండేది ఏడాదికి మూడు నెలలు. ఆ మూడు నెలల్లోనూ సగం రోజులు గాలివాన, అదీ మంచుతో.

పైనుంచి మొదటి ఫొటో తీసిందెవరు?

షాకిల్టన్. విమానంలోంచి కాదు, బెలూన్‌లోంచి. 1902 ఫిబ్రవరి 4న స్కాట్ బృందం రాస్ మంచు పలక అంచున హైడ్రోజన్ బెలూన్ ఎగరేసింది. దాని పేరు ఈవా. అంతకుముందు బెలూన్ ఎక్కిన అనుభవం లేకపోయినా నాయకుణ్ణి కాబట్టి ముందు నేనే అని స్కాట్ ఎక్కాడు. తర్వాత కెమెరాతో షాకిల్టన్ ఎక్కాడు. పైకి వెళ్ళి చూస్తే కనిపించింది ఏమిటంటే ఇంకా బోలెడంత మంచు. బెలూన్‌కి చిల్లు పడటంతో మళ్ళీ ఎగరెయ్యలేదు.

మరి విమానం ఎప్పుడొచ్చింది?

1928 నవంబర్ 16న. ఆస్ట్రేలియాకి చెందిన హ్యూబర్ట్ విల్కిన్స్, పైలట్ కార్ల్ బెన్ ఐల్సన్ కలిసి డిసెప్షన్ దీవి నుంచి లాక్‌హీడ్ వేగా విమానంలో ఎగిరారు. అసలు కథ డిసెంబర్ 20న జరిగింది. ఆ రోజు దక్షిణంగా ఇప్పటి అంటార్కిటిక్ ద్వీపకల్పం వెంబడి చాలా దూరం వెళ్ళొచ్చారు. మనిషి ఎన్నడూ చూడని నేల కింద పరుచుకుని ఉంది. విల్కిన్స్ చేత్తో స్కెచ్‌లు గీస్తూ, ఫొటోలు తీస్తూ, కనిపించినవాటికి కనిపించినట్టే పేర్లు పెట్టుకుంటూ పోయాడు. యాత్రకి డబ్బిచ్చిన పత్రికాధిపతి హర్స్ట్ పేరు మీద హర్స్ట్ లాండ్. ఆస్ట్రేలియా నాయకుడు కేసీ పేరు మీద కేసీ జలమార్గం. తోటి అన్వేషకుడి పేరు మీద స్టెఫాన్సన్ జలసంధి. విమానం ఇంజన్ బ్రాండు పేరు మీద వర్ల్‌విండ్ అఖాతం. ఇంజన్ ఆయిల్ పేరు మీద మొబిలాయిల్ అఖాతం. వేళాకోళం కాదు, ఆ చివరి రెండు పేర్లూ ఈ రోజుకీ మ్యాపులో ఉన్నాయి.

చూసొచ్చాక ఆయన తేల్చింది, ఇది ద్వీపకల్పం కాదు, జలమార్గాలు అడ్డంగా కోసేసిన దీవుల వరస అని. ప్రపంచం నమ్మింది, మ్యాపులు మార్చేశారు. 1934 నుంచి 1937 దాకా జాన్ రైమిల్ నాయకత్వంలో బ్రిటిష్ గ్రాహమ్ లాండ్ యాత్ర అక్కడికి వెళ్ళింది. వాళ్ళ దగ్గరా ఒక చిన్న విమానం ఉంది, కుక్కల బండ్లూ ఉన్నాయి. కింద నడిచి చూస్తే జలమార్గాలు లేనే లేవు. విల్కిన్స్‌కి పైనుంచి సముద్రపు పాయల్లా కనిపించినవి కొండల మధ్య లోయల్ని నింపేసిన హిమానీనదాలు. సమతలంగా తెల్లగా ఉన్న మంచు సముద్రం మీద తేలుతోందా, నేల మీద కూర్చుందా అన్నది ఎత్తు నుంచి తెలియదు. కేసీగారికి జలమార్గం పోయి హిమానీనదం మిగిలింది. ఇప్పుడు మ్యాపులో ఉన్నది కేసీ గ్లేసియర్.

విల్కిన్స్‌ని తప్పు పట్టబుద్ధి కాదు. ఆయన చేతిలో ఉన్నది ఒక విమానం, ఒక కెమెరా, కొన్ని గంటల వెలుతురు. చూడటం ఆయన పని, చూసినదాన్ని నేల మీద రుజువు చెయ్యడం ఇంకొకరి పని. ధ్రువాల మ్యాపుల చరిత్రంతా ఈ రెండు పనుల మధ్య ఉన్న ఎడం గురించే.

అంటే ఫొటో అబద్ధం చెబుతుందా?

ఫొటో అబద్ధం చెప్పదు. కాకపోతే 'ఇదెక్కడ?' అని అడిగితే జవాబూ చెప్పదు. ఫొటోలోని కనీసం కొన్ని బిందువులకి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు నేల మీద కొలిచి తెలుసుకుని ఉండాలి. సర్వేవాళ్ళు వీటిని గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు అంటారు. అవి లేకపోతే వెయ్యి ఫొటోలున్నా గాల్లో తేలే వెయ్యి బొమ్మలే.

దీనికి గట్టి ఉదాహరణ 1938-39లో జర్మనీ చేసిన యాత్ర. ష్వాబెన్‌లాండ్ అనే ఓడ మీద నుంచి రెండు డోర్నియర్ వాల్ సీప్లేన్లని ఒక యంత్రంతో గుల్లేరులో రాయిలా విసిరి ఎగరేసేవారు. వాటి పేర్లు బోరియస్, పాసాట్. మూడు వారాల్లోపే 11 వేలకు పైగా ఫొటోలు తీశారు. సరిహద్దు గుర్తులుగా స్వస్తిక ముద్ర ఉన్న అల్యూమినియం బాణాల్ని కిందికి జారవిడిచారు. తిరిగొచ్చి మ్యాపు గీసి, కొండ కొండకీ జర్మన్ పేరు పెట్టారు. కానీ నేల మీద కంట్రోల్ పాయింట్లు కొలవలేదు. పైగా ఫొటోల్లో చాలా భాగం యుద్ధంలో పోయాయి. తర్వాత 1950ల్లో నార్వే వాళ్ళు మళ్ళీ ఫొటోలు తీసి, కింద కొలతలు వేసి మ్యాపు గీస్తే, జర్మన్ మ్యాపులోని కొండలు చాలావరకు వేరే చోట తేలాయి. కొన్ని పేర్లు ఏ కొండవో ఎవరికీ అంతుపట్టలేదు. పేరుంది, కొండ దొరకలేదు.

అమెరికన్లు ఇంతకన్నా పెద్ద ఎత్తున ఇదే పొరపాటు చేశారు. 1946-47లో ఆపరేషన్ హైజంప్ పేరుతో 13 ఓడలు, 4,700 మంది, విమానాలు, హెలికాప్టర్లు. దాదాపు 70 వేల ఫొటోలు. కంట్రోల్ పాయింట్లు చాలక వాటిలో ఎక్కువ భాగం మ్యాపుకి ఎక్కలేదు. మరుసటి వేసవిలో ఆపరేషన్ విండ్‌మిల్ అని చిన్న బృందాన్ని పంపి, హెలికాప్టర్లలో రాతి శిఖరాల మీద దింపి, సూర్యుణ్ణి చూసి స్థానాలు లెక్క కట్టించారు. ముందు తాళి కట్టి తర్వాత ముహూర్తం వెతికినట్టు.

మన మైత్రి స్టేషన్ ఉన్న చోటుకి జర్మన్ పేరెందుకు ఉంది?

ఆ జర్మన్ యాత్ర వల్లే. 1939 ఫిబ్రవరి 3న బోరియస్ విమానం పైలట్ రిచర్డ్‌హైన్రిచ్ షిర్మాకర్‌కి మంచు మధ్యలో మంచు లేని రాతి నేల, నీళ్ళ మడుగులు కనిపించాయి. ఆ చోటే షిర్మాకర్ ఒయాసిస్. దాదాపు 35 చదరపు కిలోమీటర్ల నేల, అందులో వందకు పైగా చిన్నా పెద్దా సరస్సులు. మంచు మీద కట్టిన మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రి మెల్లగా మంచులో కూరుకుపోతుంటే, గట్టి రాయి మీద మైత్రిని ఇక్కడ కట్టుకున్నాం. అది 1989లో పూర్తయింది. ఎదురుగా ఉన్న సరస్సుకి మనవాళ్ళు ప్రియదర్శిని అని పేరు పెట్టుకున్నారు.

జర్మన్ పేరు తీసేసి మన పేరు పెట్టుకోవచ్చుగా అని ఒకరిద్దరు అడిగారు. పెట్టుకోవడం మర్యాద కాదు. ఆ ఒయాసిస్‌లోనే రష్యావాళ్ళ నోవోలజరెవ్‌స్కయా స్టేషన్ కూడా ఉంది. ఒకరికొకరు రేడియోలో చోటు చెప్పుకోవాలంటే ఇద్దరికీ తెలిసిన పేరే ఉండాలి.

ఫొటోల నుంచి మ్యాపు ఎలా తయారవుతుంది?

ఒక ఫొటో నుంచి కాదు, జత నుంచి. విమానం ఒకే ఎత్తులో తిన్నగా పోతూ, ప్రతి ఫొటో ముందు ఫొటోతో దాదాపు 60 శాతం కలిసేలా తీస్తుంది. అంటే నేల మీద ప్రతి బిందువూ కనీసం రెండు ఫొటోల్లో, రెండు వేర్వేరు కోణాల్లో పడుతుంది. మన రెండు కళ్ళూ చేసే పని ఇదే. ఆ జతని స్టీరియోస్కోప్ కింద పెట్టి చూస్తే చదునుగా ఉన్న కాగితంలోంచి కొండ లేచి నిలబడుతుంది. మొదటిసారి చూసిన రోజు నేను వేలు పెట్టి శిఖరాన్ని తాకబోయాను. మా మేష్టారు నవ్వి, "అందరూ అంతేరా" అన్నారు.

స్కేలు లెక్క తేలికే: లెన్సు నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంత్) ఎగిరే ఎత్తుతో భాగిస్తే చాలు. 152 మిల్లీమీటర్ల లెన్సుతో నేల నుంచి 6,080 మీటర్ల ఎత్తున తీస్తే 1:40,000. ఫొటోలో ఒక సెంటీమీటర్ నేల మీద 400 మీటర్లు. కంట్రోల్ పాయింట్లతో ఆ జతని సరిగ్గా కూర్చోబెట్టాక, యంత్రంలో ఒక తేలే చుక్కని కొండ వాలు వెంబడి నడిపిస్తూ కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు గీసేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తుంది.

హైజంప్ నాటి పద్ధతి కాస్త వేరు. దాన్ని ట్రైమెట్రోగాన్ అనేవారు. మూడు కెమెరాలు, ఒకటి తిన్నగా కిందికి, రెండు అటూ ఇటూ వాలుగా. ఒక అంచు దిగంతం నుంచి ఇంకో అంచు దిగంతం దాకా ఒకేసారి పడుతుంది. త్వరగా ఎక్కువ నేల చూడటానికి బ్రహ్మాండం. కచ్చితమైన కొలతకి మాత్రం అంతంత మాత్రం.

మంచు మీద వచ్చే ప్రత్యేకమైన తంటా ఏమిటి?

పోలిక దొరకదు. రెండు ఫొటోల్లో ఒకే బిందువుని గుర్తించాలంటే ఒక బండో, చెట్టో, పగులో ఉండాలి. తాజా మంచు మీద ఏదీ ఉండదు. అందుకే సూర్యుడు కిందుగా ఉండి నీడలు సాగిన వేళలో తీస్తారు. మబ్బు పట్టి నీడలు పోతే నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. దాన్ని వైటవుట్ అంటారు. పైలట్‌కి కింద ఎంత దూరంలో నేల ఉందో తెలియదు. అసలు టెన్షన్ అదీ.

దిక్సూచి కూడా అయస్కాంత ధ్రువం దగ్గర తికమక పడుతుంది. అందుకని 1920ల్లో అమెరికన్ అన్వేషకుడు బర్డ్ లాంటివాళ్ళు సూర్యుడి నీడతో దిక్కు చెప్పే సన్ కంపాస్ వాడారు. 1929 నవంబర్ చివర్లో బర్డ్ బృందం దక్షిణ ధ్రువం మీదుగా ఎగిరినప్పుడు ఆష్లీ మెకిన్లీ అనే ఫొటోగ్రాఫర్ దారిపొడవునా ఫొటోలు తీశాడు. పీఠభూమి ఎక్కడానికి ఎత్తు చాలక బరువు తగ్గించుకోవాల్సి వస్తే తిండి సంచుల్ని కిందికి తోసేశారు, కెమెరాని కాదు.

పేర్లు పెట్టేది ఎవరు? ఐక్యరాజ్యసమితా?

కాదు. ఏ దేశానికి ఆ దేశపు కమిటీ. అమెరికాకి 1943 నుంచి, బ్రిటన్‌కి 1945 నుంచి ప్రత్యేక కమిటీలున్నాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, నార్వే, రష్యా, అర్జెంటీనా, చిలీ, ఇలా చాలా దేశాలకి వాటి వాటి పద్ధతులున్నాయి. వీటన్నింటినీ ఒక చోట చేర్చేది అంటార్కిటిక్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ స్కార్ నడిపే ఉమ్మడి నామసూచిక. అది పేర్లు పెట్టదు, ఎవరేం పెట్టారో రాసుకుంటుంది. అందులో పేర్లు 35 వేలు దాటాయి. చోట్లు మాత్రం దాదాపు అందులో సగమే. మిగతావి ఒకే చోటుకి పెట్టిన రెండో పేరు, మూడో పేరు. కొత్తగా పెట్టేవాళ్ళు ఇప్పటికే పేరున్న చోటు జోలికి పోవద్దని స్కార్ చెబుతుంది గానీ బలవంతం చెయ్యలేదు.

చిన్న దేశమైనా పేర్ల విషయంలో బల్గేరియా హడావుడి ఎక్కువ. 1994లో కమిటీ వేసుకుని వందల కొద్దీ పేర్లు పెట్టేశారు. వాళ్ళ లిపి సిరిలిక్. ఆ పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలన్న గొడవ వచ్చి, 1995లో ఆ కమిటీ కోసమే ఒక పద్ధతి తయారు చేశారు. తర్వాత అదే దేశమంతటికీ వర్తించింది. 2009లో చట్టమే అయింది. రోడ్డు బోర్డులు, పాస్‌పోర్టులు అన్నీ ఆ లెక్కనే. మన ఊరి స్టేషన్ బోర్డు మీద ఒక స్పెల్లింగు, బస్సు మీద ఇంకో స్పెల్లింగు చూసినప్పుడల్లా నాకు బల్గేరియా గుర్తొస్తుంది.

ఒకే చోటుకి నాలుగు పేర్లు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. విల్కిన్స్ దీవులనుకున్న ఆ ద్వీపకల్పమే సాక్ష్యం. బ్రిటిష్ వాళ్ళకి అది గ్రాహమ్ లాండ్, నౌకాదళ మంత్రి పేరు. అమెరికన్లకి పామర్ ద్వీపకల్పం, సీల్ వేటకి వెళ్ళిన ఓడ కెప్టెన్ పేరు. చిలీ వాళ్ళకి ఓహిగ్గిన్స్ నేల, అర్జెంటీనా వాళ్ళకి సాన్ మార్టిన్ నేల. ఈ ఇద్దరూ ఆ దేశాల స్వాతంత్ర్య వీరులు. 1964లో అమెరికా, బ్రిటన్ రాజీకొచ్చి మొత్తానికి అంటార్కిటిక్ ద్వీపకల్పం అన్నారు. ఉత్తర భాగం గ్రాహమ్ లాండ్, దక్షిణ భాగం పామర్ లాండ్. అన్నదమ్ముల పంపకం లాగా ఇద్దరి మాటా నిలిచింది. చిలీ, అర్జెంటీనా తమ పేర్లే వాడుతున్నాయి.

పేరు పెడితే ఆ నేల వాళ్ళదైపోతుందా?

చట్టం ప్రకారం కాదు. 1959లో సంతకాలై 1961లో అమల్లోకి వచ్చిన అంటార్కిటిక్ ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం, ఒప్పందం అమల్లో ఉండగా చేసే ఏ పనీ భూమి హక్కుకి ఆధారం కాదు. కొత్త హక్కు అడగడానికి వీల్లేదు. పాతవాటిని వదులుకోనక్కర్లేదు కూడా. బ్రిటన్, అర్జెంటీనా, చిలీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫ్రాన్స్, నార్వే ఏడూ తమ వాటాలు మ్యాపుల్లో గీసుకునే ఉన్నాయి. మొదటి మూడింటివీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

అయితే చట్టం ఒకటి, మనసు ఒకటి. 2012లో బ్రిటన్ తన వాటాలోని దక్షిణ భాగానికి క్వీన్ ఎలిజబెత్ లాండ్ అని పేరు పెడితే అర్జెంటీనా వెంటనే నిరసన తెలిపింది. అంతకుముందు 1939లో అయితే మరీ స్పష్టం. జర్మన్ ఓడ చేరడానికి అయిదు రోజుల ముందు, జనవరి 14న నార్వే ఆ తీరమంతా తనదని ప్రకటించేసింది. హద్దు రాళ్ళ మీద పేరు రాసుకునే అలవాటు మన పొలాల్లో ఉన్నదే.

ఎలాంటి పేర్లు పెడతారు?

మొదట్లో డబ్బిచ్చినవాళ్ళవి, రాజులవి, రాణులవి, నాయకుల ఇంటివాళ్ళవి. బర్డ్ తన భార్య పేరు మీద మేరీ బర్డ్ లాండ్ అన్నాడు. అది ఏ దేశమూ తనదనని నేల. రాక్‌ఫెల్లర్ పేరు మీద కొండలున్నాయి, ఎడ్సెల్ ఫోర్డ్ పేరు మీద పర్వత శ్రేణులున్నాయి. కమిటీలు వచ్చాక కొంత క్రమం వచ్చింది. అక్కడ పనిచేసినవాళ్ళకి, ఆ పనిని సాధ్యం చేసినవాళ్ళకి మొదటి చోటు. అమెరికా కమిటీ అయితే వస్తువుల బ్రాండ్లు, కుక్కలు, పెంపుడు జంతువుల పేర్లు ఒప్పుకోమని రాసే పెట్టింది. మొబిలాయిల్ అఖాతం అంతకుముందే పుట్టింది కాబట్టి బతికిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది బ్రిటిష్ వాళ్ళ పని. 1955 నుంచి 1957 దాకా పీటర్ మాట్ నాయకత్వంలో డిసెప్షన్ దీవి నుంచి సీప్లేన్లతో ద్వీపకల్పాన్ని ఫొటోలు తీశారు. ఈసారి నేల మీద కొలతలూ వేశారు. ఆ ఫొటోల్లో ఒక్కసారిగా వందల కొద్దీ పేరులేని కొండలు, హిమానీనదాలు బయటపడ్డాయి. అన్ని పేర్లు ఎక్కడి నుంచి తేవాలి? కమిటీ ఒక్కో ప్రాంతానికి ఒక్కో విషయం ఎంచుకుంది. ఒక చోట ఎగరడానికి పాటుపడినవాళ్ళు: మోంగోల్ఫియర్, కేలీ, బ్లేరియో, సికోర్‌స్కీ హిమానీనదాలు, రైట్ సోదరుల పేరు మీద మంచు మైదానం. ఇంకో చోట ఫొటోల నుంచి మ్యాపు గీసే విద్యని కనిపెట్టినవాళ్ళు: లోస్‌డా, పుల్‌ఫ్రిష్, డెవిల్. బెలూన్‌లోంచి ప్రపంచంలోనే మొదటి ఫొటో తీసిన ఫ్రెంచివాడు తూర్నషోన్‌కి ఒక శిఖరం. కెమెరా లెన్సుల త్సైస్‌కి సూదిలా నిలబడ్డ ఒక కొండ. ఏ విద్యతో ఆ కొండ కనిపించిందో ఆ విద్య కనిపెట్టినవాడి పేరే దానికి. ఇంతకన్నా న్యాయమైన పేరు ఏముంటుంది?

అలెగ్జాండర్ దీవి మీద సంగీతకారులు: బీథోవెన్ ద్వీపకల్పం, మోజార్ట్ మంచు మైదానం, బాక్ మంచు పలక. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు సందర్భంగా తొమ్మిది హిమానీనదాలకి క్యోటో, పారిస్, బాలి లాంటి సదస్సులు జరిగిన ఊళ్ళ పేర్లు పెట్టారు. వాటిని చూస్తే నాకు చిన్న అసహనం. కరిగిపోతున్న హిమానీనదానికి కరగకుండా చూస్తామన్న సమావేశం పేరా!

మా నాన్నగారి పేరు పెట్టించొచ్చా?

ఆయన అంటార్కిటికాలో పనిచేసి ఉంటే అడిగి చూడొచ్చు. ప్రేమతో, స్నేహంతో పెట్టమంటే ఒప్పుకోరు. డబ్బుకి అమ్మరు. నక్షత్రాలకి పేర్లు అమ్ముతామనే వెబ్‌సైట్ల లాంటివి ధ్రువాల పేరుతో ఎక్కడైనా కనిపిస్తే దూరంగా ఉండండి.

భారతీయుల పేర్లున్నాయా?

ఉన్నాయి. మేరీ బర్డ్ లాండ్‌లో మౌంట్ సిన్హా అని 990 మీటర్ల కొండ ఉంది. 1971-72లో అమెరికన్ ఓడల్లో జంతువుల మీద పరిశోధన చేసిన, బిహార్‌లో పుట్టిన అఖౌరీ సిన్హా పేరు అది. 1960 ప్రాంతంలో దక్షిణ ధ్రువం దగ్గర పరిశోధన చేసిన గిరిరాజ్ సింగ్ సిరోహి పేరు మీద సిరోహి పాయింట్ ఉంది. మన దేశం పెట్టిన పేర్లు ఎక్కువగా మైత్రి, అక్కడి మన ఇంకో స్టేషన్ భారతి చుట్టుపక్కలే.

ఆర్కిటిక్‌లోనూ ఇదే పద్ధతా?

కాదు, పూర్తిగా వేరు. అంటార్కిటికాలో ఎవరూ లేరు. ఆర్కిటిక్‌లో వేల ఏళ్ళుగా మనుషులున్నారు, పేర్లున్నాయి. కాకపోతే వాళ్ళ పేర్లు కాగితం మీద లేవు, నోట్లో ఉన్నాయి. ఓడల్లో, తర్వాత విమానాల్లో వచ్చినవాళ్ళు ఖాళీ అనుకుని తమ పేర్లు రాసేశారు. కెనడాలో 1576లో వచ్చిన ఇంగ్లీషు నావికుడి పేరు మీద ఫ్రోబిషర్ బే అన్న ఊరిని 1987లో మళ్ళీ ఇకాలుయిట్ అన్నారు. అక్కడి స్థానికులైన ఇన్యూట్‌ల భాషలో 'చేపలు బాగా ఉండే చోటు'. విమానంలోంచి చూసినవాడికి కొండ ఆకారం కనిపిస్తుంది. అక్కడ బతికినవాడికి ఏ చోట తిండి దొరుకుతుందో తెలుస్తుంది.

తమాషా ఏమిటంటే, మంచులోంచి పొడుచుకొచ్చిన రాతి శిఖరానికి గ్రీన్‌లాండ్ వాళ్ళ మాట నునతాక్. ఆ మాట ఇప్పుడు అంటార్కిటికా మ్యాపులో వందల చోట్ల ఉంది, అక్కడ ఒక్క ఇన్యూట్ మనిషీ లేకపోయినా.

మ్యాపులో ఉండి నేల మీద లేని చోట్లు ఉన్నాయా?

బోలెడు. 1906లో అమెరికన్ అన్వేషకుడు పియరీ ఆర్కిటిక్‌లో దూరంగా నేల చూశానని డబ్బిచ్చిన క్రాకర్ పేరు పెట్టాడు. 1914లో మెక్‌మిలన్ బృందం గడ్డకట్టిన సముద్రం మీద అక్కడికి వెళ్తే ఏమీ లేదు, అది ఎండమావి. ఇది పాతకాలం గొడవ అనుకోకండి. 2021లో గ్రీన్‌లాండ్ ఉత్తరాన ప్రపంచంలోనే ఉత్తరాన ఉన్న దీవి దొరికిందన్నారు. మరుసటి ఏడాది కొలిచి చూస్తే అది మట్టీ గులకరాళ్ళూ కప్పుకుని నేలకి తట్టుకుని నిలిచిపోయిన మంచుగడ్డ.

ఇప్పుడు శాటిలైట్లున్నాయి కదా, ఇంకా విమానాలెందుకు?

పై తోలుకి శాటిలైట్లు చాలు. 1997లో కెనడా రాడార్‌శాట్ ఉపగ్రహం మబ్బుల్లోంచి, చీకట్లోంచి ఖండం మొత్తాన్ని ఒక్క బొమ్మగా తీసింది. 2018లో 8 మీటర్ల వివరంతో ఎత్తుల మ్యాపు వచ్చింది. కానీ మంచు కింద ఏముంది? దానికి విమానమే కావాలి. రేడియో తరంగాలు చల్లటి మంచులోకి దూరిపోయి అడుగు రాతిని తాకి తిరిగొస్తాయి. మంచులో వాటి వేగం మైక్రోసెకనుకి దాదాపు 168 మీటర్లు. ప్రతిధ్వని 36 మైక్రోసెకన్లకి వస్తే మంచు మందం మూడు కిలోమీటర్లు. 1960ల నుంచి ఇలా లక్షల కిలోమీటర్లు ఎగిరి, అడుగున లోయలు, సరస్సులు, కొండలు గీశారు. 1958లో సోవియట్ బృందం భూకంప తరంగాలతో కనిపెట్టిన గాంబుర్ట్‌సెవ్ పర్వతాల పొడవు వెయ్యి కిలోమీటర్లకు పైనే. పేరుంది, మ్యాపు ఉంది. వాటి మీద ఒక్క రాయినీ ఇంతవరకు కంటితో చూసినవాడు లేడు.

దీంతో హైదరాబాద్‌కి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకి దాదాపు 14 చుట్లు తిరిగితే షాద్‌నగర్‌లోని గ్రాహక కేంద్రానికి కనిపించేవి కొన్నే. ధ్రువం దగ్గర అయితే చాలా చుట్లు కనిపిస్తాయి. అందుకే 2013లో భారతి స్టేషన్ దగ్గర ఒక యాంటెనా పెట్టారు. అక్కడ పట్టిన డేటా హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి, షాద్‌నగర్‌కి చేరుతుంది. ఇక ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు 1997 నుంచి మైత్రిలో భూకంపాలని నమోదు చేస్తున్నారు.

90 ఏళ్ళ నాటి ఫొటోలు ఇప్పుడు దేనికి పనికొస్తాయి?

మంచు అప్పుడెంత ఉందో చెప్పడానికి. గ్రీన్‌లాండ్‌లో 1930ల్లో డేన్లు తీసిన ఫొటోలు కోపెన్‌హాగన్ దగ్గర ఎక్కడో మూలన పడి ఉంటే, వాటితో అక్కడి హిమానీనదాలు 80 ఏళ్ళలో ఎంత వెనక్కి పోయాయో 2012లో లెక్క కట్టారు. అంటార్కిటికాలో 1937 నాటివి ఇంకా విచిత్రం. నార్వే తిమింగలాల వేట వ్యాపారి లార్స్ క్రిస్టెన్‌సెన్ ఆ తీరానికి మ్యాపు గీయించాలని సీప్లేన్‌లో తీయించిన ఫొటోలవి. ఆ 2,200 ఫొటోల్లోంచి 130 ఎంచుకుని కోపెన్‌హాగన్ పరిశోధకులు 2024లో దాదాపు 2,000 కిలోమీటర్ల తీరంలోని హిమానీనదాల్ని మళ్ళీ మూడు కొలతల్లో కట్టారు. తూర్పు తీరంలో మంచు ఈ కాలమంతా చాలావరకు నిలకడగా ఉందని తేలింది.

ఆ యాత్రల్లో లార్స్‌తో పాటు నాలుగుసార్లు భార్య ఇంగ్రిడ్ కూడా వెళ్ళింది. మన భారతి స్టేషన్ నిలబడి ఉన్న తీరం పేరు ఇంగ్రిడ్ క్రిస్టెన్‌సెన్ తీరం.